పాల్‌కి పెండ్లంట!

తిరుపతి,
12-07-2025

ఒసేయ్ నిస్సీ,

ఉత్తరం చూసి కంగారుపడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ చేస్తే మీ అమ్మ "స్పీకరు పెట్టు మే, నేనూ ఇంటా" అంటుంది. వాట్సాప్‌లో పెడితే నీకన్నా ముందు ఆవిడే చదివేస్తుంది. యూనివర్సిటీ ముద్ర ఉన్న కవరైతే మాత్రం కళ్ళకద్దుకుని నీ చేతికిస్తుంది. అందుకని ఇకనుంచి మనకు ఇదే దారి. ఎలాగూ నీకు కొన్ని కాగితాలు పంపాల్సి వచ్చింది.

ఏం కాగితాలంటావా? నా పీహెచ్‌డీ అంశం ఖాయమైందే! "జనం ఒక మాటను నిజమని ఎలా నమ్ముతారు?" పంకజాక్షి మేడమ్ ఊఁ అన్నారు. మా నాన్న మాత్రం ఊహూఁ అన్నారు. "ఎవరి మనసు ఎలాంటిదో వాళ్ళకు తెలియదా? దానికి ఇన్నేళ్ళ చదువెందుకు? నిజమేదో అబద్ధమేదో వింటే తెలిసిపోదూ?" అని ఉపన్యాసం. అది ముగించి, మంచినీళ్ళు తాగి, "రాగి చెంబులో నీళ్ళు తాగితే కళ్ళజోడు అక్కర్లేదు, తెలుసా" అన్నారు, ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుంటూ. ఎవరు చెప్పారు నాన్నా అంటే, "అందరికీ తెలిసిందేగా" అని పేపరు మడిచారు. చూశావా, నా మొదటి అధ్యాయం మా హాల్లోనే కూర్చుని ఉంది.

సంగతేమిటంటే, ఒక మాటను ఒకసారి వింటే అనుమానిస్తాం. రెండోసారి వింటే కాస్త ఒప్పుకుంటాం. మూడోసారికి అది మనకు ముందే తెలుసు అనుకుంటాం. కొత్త చెప్పు కరుస్తుంది, తొడగ్గా తొడగ్గా మెత్తబడుతుంది. మాటా అంతే. మెత్తబడ్డ మాటను మనసు నిజమనుకుంటుంది. ఇది చదువురానివాళ్ళ జబ్బు కాదే, అందరిదీ. తెలివైనవాళ్ళం మనకు లేదనుకోవడం ఇంకో జబ్బు.

నీ పని: డిగ్రీలో నా పక్క బెంచీ మీద కూర్చుని నా రికార్డు కాపీ కొట్టిన రుణం తీర్చుకోవడం. నీ టైలరింగ్ అంగడిలో ఆడవాళ్ళు జాకెట్ల కోసం గంటలు గంటలు కూర్చుంటారు కదా. ఈ కాగితంలో కొన్ని వాక్యాలున్నాయి, సగం నిజాలు, సగం అబద్ధాలు. వాళ్ళకు చదివి వినిపించు. వారం తర్వాత కొత్తవాటితో కలిపి మళ్ళీ చదివి, ఏది ఎంత నిజమనిపిస్తోందో అడుగు. వాళ్ళు ఏ మాటలతో జవాబిస్తారో ఆ మాటలే రాయి, దిద్దకు. చివర ఒక వాక్యం ఖాళీ వదిలాను. అక్కడ మీ ఊరికి తగ్గట్టు ఎవరికీ హాని చేయని చిన్న అబద్ధం ఒకటి నువ్వే అల్లుకో.

నీ,
హంసిని


ఐరాల,
26-07-2025

ప్రియమైన పరిశోధకురాలు హంసిని గారికి ఐరాల దర్జీ వందనాలు.

నీ కవరు చూసి అమ్మ, "గవర్మెంటు ఉద్యోగమా మే?" అని ఇరుగుపొరుగునంతా పిలిచింది. నీకు పుణ్యముంటుంది, ఇంకోసారి అంత పెద్ద ముద్ర కొట్టించకు.

పని పూర్తయింది. నవ్వి నవ్వి రెండు జాకెట్లకు చేతులు తారుమారు చేసి కుట్టాను. మా ఎదురంగడి భారతమ్మ తెలుసుగా, ఇడ్లీలమ్మే ఆవిడ? "తాబేలుకు ముప్పై రెండు పండ్లు ఉంటాయి" అని చదివాను. "తాబేలుకు పండ్లేంది మే, నీ పండ్లు రాలగొడతా" అంది. సరిగ్గా వారం తర్వాత అదే వాక్యం చదివితే, "ఉంటాయి ఉంటాయి. యాడో విన్న్యా" అంది. యాడో కాదు తల్లీ, ఇక్కడే, ఇదే స్టూలు మీద కూర్చుని విన్నావు! ఆ మాట నోటిదాకా వచ్చింది గాని, నీ పరిశోధన గుర్తొచ్చి దారం కొరికాను.

ఖాళీ వాక్యంలో "మోటార్ల పాల్‌కి పెండ్లి కుదిరింది" అని రాశాను. ఏదో చేతికొచ్చిన పేరు. మా ఊళ్ళో బోరు మోటార్లకు వైండింగ్ చేసే పాల్, శాంతయ్య గారి కొడుకు. పొడుగ్గా ఉంటాడు. చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, పాటకన్నా ఎప్పుడూ అరక్షణం వెనకే. మా అంగడి ముందునుంచి పోతూ ఎందుకో తల వంచుకుంటాడు. నవ్వితే ఎడమ బుగ్గ మీద గ్రీజు మరక కూడా బాగుంటుంది. అవన్నీ నీకు అనవసరం అనుకో.

దానికీ భారతమ్మ జవాబులు రాశాను చూడు. మొదటి వారం: "కుదిరిందంటనా? ఎవురన్న్యారు?" రెండో వారం: "అవును, కుదిరింది గదా."

నీ,
నిస్సీ


తిరుపతి,
04-08-2025

నిస్సీ,

నీ వల్ల ఈ రోజు ఒకే గదిలో, ఒకే కుర్చీ ముందు నిలబడి తిట్లూ మెచ్చుకోళ్ళూ రెండూ తిన్నాను.

ముందు తిట్లు. పంకజాక్షి మేడమ్ నీ కాగితం చూసి కళ్ళద్దాలు తీసేశారు. ఆవిడ కళ్ళద్దాలు తీశారంటే డిపార్ట్‌మెంట్‌లో ఫ్యాన్లు కూడా నెమ్మదిగా తిరుగుతాయి. "నిజమైన మనిషి పేరు పెడతారా? తాబేలు పళ్ళ గురించి ఎవరేమనుకున్నా తాబేలుకు నష్టం లేదు. మనిషికి ఉంటుంది" అన్నారు. నిజమేనే. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళొచ్చారంట అని విని, దారిన పోయే అమాయకుణ్ణి చావబాదిన ఊళ్ళున్నాయి. వాళ్ళేం రాక్షసులు కారు, నలుగురి నోట విన్నారు, అంతే. మాట మనసులో ఎలా నాటుకుంటుందో తెలిస్తేనే కదా దాన్ని పీకడం తెలిసేది. మా నాన్న అడిగే "ఎందుకు ఈ చదువు"కు జవాబు అదే. కాబట్టి ఆ వాక్యాన్ని వెంటనే కొట్టెయ్యి, విన్నవాళ్ళందరికీ అది ఉత్తదని చెప్పు.

ఇప్పుడు మెచ్చుకోళ్ళు. భారతమ్మ జవాబుల దగ్గర మేడమ్ మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకున్నారు. "కుదిరిందంట" అన్నది వారం తిరిగేసరికి "కుదిరింది" అయింది చూశావా? "అంట" ఊడిపోయింది! మన భాషలో అదెంత నిజాయితీ ఉన్న ముక్కో ఆలోచించు. "నేను చూడలేదు బాబూ, ఎవరో చెప్పగా విన్నాను, పూచీ నాది కాదు" అన్నదంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. మాట నాలుగు నోళ్ళు తిరిగేలోపు మొట్టమొదట రాలిపోయేదీ అదే. మాట గుర్తుంటుంది, ఎక్కడ విన్నామో మరిచిపోతాం. నా సిద్ధాంత గ్రంథంలో "అంట"కు ఒక అధ్యాయం ఇచ్చారే! ఆనందం పట్టలేక రామానుజ కూడలి దాకా నడిచి వెళ్ళి రెండు ప్లేట్ల బజ్జీలు తిన్నాను.

అన్నట్టు, చేతికొచ్చిన పేరన్నావు. ఆ పేరుతో పాటు ఎత్తు, కీబోర్డు, ఎడమ బుగ్గ కూడా చేతికొచ్చాయా?

హంసిని


ఐరాల,
17-08-2025

హంసీ,

నువ్వు కొట్టెయ్యమన్న వాక్యం నా చేతిలో లేదు. ఊళ్ళో ఉంది.

నిన్న భారతమ్మ పచ్చ పట్టు గుడ్డ తెచ్చి బల్ల మీద పరిచింది. "పాల్ పెండ్లికి ఏసుకోవాల, మోచేతుల దాకా చేతులు పెట్టు, ఈపున దారాలు ఏలాడాల" అంది. ఆవిడ వెనకే ఇంకో నలుగురు. జరగని పెళ్ళికి నా అంగడిలో జాకెట్లు మూటలు కట్టి ఉన్నాయి. "పెండ్లి లేదు పిన్నీ, ఊరికే అన్న మాట" అంటే, "నీకు తెలీదులే మే, పిల్లది శ్రీకాళహస్తంట, కలంకారీ చీరల యాపారమంట" అని నాకే వివరాలు చెప్పింది. శ్రీకాళహస్తి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి, నేను రాయలేదు.

ఇక నీ దగ్గర దాచి లాభం లేదు. హంసీ, నాకు పాల్ అంటే ఇష్టం. రాసేశాను. రాసి, లేచి, షట్టరు సగం దించి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. చిత్తూరు నుంచి ఒకటి, పూతలపట్టు నుంచి ఒకటి అతనికి సంబంధాలు వస్తున్నాయని తెలిసి ఒళ్ళు మండింది. కుదిరిపోయిందన్న మాట పుడితే వాళ్ళు వెనక్కి పోతారు, ఈలోపు నాకు ధైర్యం వస్తుందనుకున్నాను. వాళ్ళు వెనక్కి పోయారు కూడా! ఆ రోజు నేను పాట పాడుకుంటూ ఫాల్సు కుట్టాను.

ఇప్పుడు విను. మొన్న అమ్మ పొయ్యి దగ్గర నిట్టూర్చింది. "మీ నాయన శాంతయ్య ఇంటికి పోయి నీకోసరం పాల్‌ని అడగాలనే అనుకున్న్యాడు మే. ఏం లాబం, ఆ పిల్లోడికి కుదిరిపాయె గదా."

నా చేతిలో గిన్నె జారింది. "ఎవరు చెప్పారమ్మా?"

"ఊరంతా తెలిసిందే గదా."

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు, నేనైతే గొయ్యి తీసి, చుట్టూ ముగ్గేసి మరీ పడ్డాను. అదంతా ఒట్టిదని అమ్మతో అన్నాను, నమ్మలేదు. నా మనసు చెప్పే ధైర్యం రాలేదు. మా నాయన ఇమ్మానుయేలు మంచివాడే, కానీ ఆయన ఎదుట నిలబడితే నాకు నోరు పెగలదు, కుట్టుమిషను కావాలని అడగడానికే ఏడాది పట్టిన దాన్ని. ఇప్పుడాయన వడమాలపేటలో జయరావు అనే అబ్బాయి వాళ్ళతో మాట్లాడుతున్నాడు. నన్ను చూసుకోవడానికి అక్టోబరు మొదటి ఆదివారం వస్తారు. నువ్వే ఏదైనా చెయ్యి. చదువుకున్నదానివి, నీ మాటైతే వింటారు.

నిస్సీ


తిరుపతి,
08-09-2025

ఒసేయ్ పెళ్ళికూతురా,

ముందు మీ అమ్మకు చెప్పు, ఆవిడ పెట్టిన రాగి సంగటి, వేరుశనగ పచ్చడి గురించి మా ఇంట్లో ఇంకా చెబుతూనే ఉన్నాను. మా అమ్మ కల్యాణవల్లి అసూయతో ఇవాళ సాంబారులో ఉప్పు వేయడం మరిచిపోయింది.

నిన్న ఆదివారం మీ ఊళ్ళో నేను చేసిన ఘనకార్యానికి, వివరాలు వినకుండానే మేడమ్ శభాష్ అన్నారు. ఎంత పద్ధతిగా చేశామే! వాక్యాలు విన్న ప్రతి ఒక్కరి ఇంటికీ వెళ్ళాం. "ఇది మా చదువుకోసం అల్లిన అబద్ధమమ్మా. పాల్‌కి పెళ్ళి కుదరలేదు" అని కాగితం చూపించి, నిదానంగా, ఒకటికి రెండుసార్లు చెప్పాను. అందరూ తలలూపారు. భారతమ్మ అయితే, "ఓహో, అబద్ధమంటనా!" అని ముక్కున వేలేసుకుని, నాకు డబ్బులు తీసుకోకుండా గారెలు పెట్టింది. మీ నాయన ఇల్లు చేరకముందే నా బస్సు టైమైపోయింది గాని, ఇక ఆయన చెవికి కూడా చేరిపోతుంది. నిశ్చింతగా ఉండు.

నీ పాల్‌ను కూడా చూశాను, బోరు దగ్గర మోటారు పైకి లాగుతున్నాడు. బాగున్నాడే! నీ పేరు చెప్పి నేను పలకరిస్తే చేతిలోని స్పానరు కాలి మీద పడేసుకున్నాడు. అంత కంగారెందుకో.

ఒక సంగతి చెబుతాను, ఎవరికీ చెప్పకు. తిరుగు బస్సులో నా పక్కన మీ ఊరావిడే ఒకామె కూర్చుంది. మాటల్లో, "మా ఊళ్ళో పాల్ అని పిల్లోడు, బంగారం. కార్తీకంలో పెండ్లి. కాళస్తి పిల్ల" అంది. అయ్యో, నిజంగానే కుదిరిపోయిందా, నిస్సీ ఎలా తట్టుకుంటుంది, ఈ కబురు దానికి ఎలా చెప్పాలి అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. కాణిపాకం దాటాక గుర్తొచ్చింది, అది నా ప్రయోగంలోని వాక్యం! పొద్దుణ్ణుంచి అబద్ధమని ఊరంతా చాటింది నేనే! బస్సులో ఒక్కదాన్నే పగలబడి నవ్వితే కండక్టరు టికెట్ మళ్ళీ అడిగాడు.

హంసిని


ఐరాల,
20-09-2025

మహాతల్లీ,

నీకొక దండం, నీ చదువుకొక దండం. నువ్వు ఇంకోసారి మా ఊరొస్తే పొలిమేర దగ్గరే ఆపేస్తాను.

నువ్వు వెళ్ళిన వారానికి భారతమ్మ అంగడి దగ్గర నా చెవులతో నేను విన్న మాట ఇది: "ఇంకా అనుమానమేంది? తిరపతి నుంచి సదువుకున్న పిల్ల పనిగట్టుకోని వొచ్చి, ఇంటింటికీ తిరిగి సెప్పిపోయింది గదా పాల్ పెండ్లి సంగతి. కాయితం కూడా సూపించింది!"

విన్నావా? నువ్వు కాగితం చూపించావు. అంతవరకూ గుర్తుంది వాళ్ళకు. కాగితంలో ఏముందో మాత్రం గాలికి పోయింది. ఇప్పుడు మా నాయన కూడా, "యూనివర్సిటీ వాళ్ళకే తెలిసిపోయిండాది" అంటున్నాడు. ఇంతకుముందు అది వట్టి పుకారు. నువ్వొచ్చి దానికి డిగ్రీ ఇచ్చి పోయావు.

దీనికి తోడు మొన్న సాయంకాలం పాల్ అంగడికొచ్చాడు. చేతిలో చొక్కా. గుండీ ఊడింది, కుట్టాలన్నాడు. నేను తలెత్తకుండా చొక్కా అందుకున్నాను.

"నా పెండ్లంట గదా నిస్సీ" అన్నాడు.

"అంటున్నారు" అన్నాను.

"ఎవురు సెప్పినారని అడుక్కుంటా వస్తా ఉండా. మా పక్కింటాయన భారతమ్మను సూపించె. భారతమ్మ నీ అంగడిని సూపించె."

నా మిషను సూది విరిగింది. "టైలరంగడి కదా, వచ్చేవాళ్ళు వెయ్యి అంటారు" అన్నాను.

బల్ల మీది టేపును వేలికి చుట్టుకున్నాడు. తర్వాత, "పిల్ల ఎవురంటా ఉండారు?" అన్నాడు.

"శ్రీకాళహస్తి అంటున్నారు."

"ఈ ఊరు పిల్లేనని ఎవురూ అన్లేదా?"

"లేదు" అన్నాను. నా మొహానికి అంతకన్నా మంచి మాట దొరకలేదు. "సరేలే" అని వెళ్ళిపోయాడు. వెళ్ళాక చొక్కా తిప్పి తిప్పి చూశాను. గుండీలన్నీ ఉన్నాయి, ఒక్కటీ ఊడలేదు. పాపం, పెళ్ళి కంగారులో ఏ చొక్కా తెచ్చాడో. హంసీ, వడమాలపేట వాళ్ళు వచ్చే ఆదివారం దగ్గర పడుతోంది. నాకు అన్నం సయించడం లేదు. నవ్వుకుంటూ మొదలుపెట్టిన పని ఇలా మెడకు చుట్టుకుంది.

నిస్సీ


తిరుపతి,
26-09-2025
(స్పీడ్ పోస్టు)

ఒసేయ్ మొద్దూ! మొద్దుల్లోకెల్లా మొద్దూ!

గుండీలన్నీ ఉన్న చొక్కా! అది నాకు బస్సులో దొరికినా అర్థమైపోయేది. నీకు ఎదురుగా నిలబడి చేతికిచ్చినా అర్థం కాలేదా? దాని గురించి ఇంకేం రాయను, నా కలం నవ్వుతోంది.

బ్రహ్మోత్సవాల జనంలో పడి పోస్టాఫీసుకు రావడానికి నానా తిప్పలూ పడ్డాను. ఈ ఉత్తరం నిలబడే చదువు.

తప్పు నాదే. నీ ఉత్తరం మేడమ్‌కు చదివి వినిపించాను. ఆవిడ బల్ల మీద తల పెట్టుకుని నవ్వారు, ఆ తర్వాత నాకు పాఠం చెప్పారు. "పాల్‌కి పెళ్ళి కుదరలేదు" అని నేను ఎన్నిసార్లు అంటే అన్నిసార్లు "పాల్, పెళ్ళి" అని వాళ్ళ మనసులో రుద్దినట్టే. చివరి "లేదు" పలచటి ముక్క, అది నాలుగు రోజుల్లో ఆవిరైపోతుంది. పాల్, పెళ్ళి, ఈ రెండూ అంటుకుని మిగిలిపోతాయి. పైగా నేను అబద్ధాన్ని తీసేశానే గాని అక్కడ ఇంకేదీ పెట్టలేదు. పన్ను పీకి వదిలేస్తే నాలుక పదే పదే అక్కడికే పోదూ? ఖాళీ ఉంటే మనసు ఊరుకోదు, తీసేసినదాన్నే తెచ్చి మళ్ళీ అక్కడ పెట్టుకుంటుంది. తప్పు మాటను పోగొట్టాలంటే దాన్ని కాదనడం చాలదు, దాని చోట్లో సరైన మాట పెట్టాలి. ఇది నా ఊహ కాదు, ఎందరో ఏళ్ళ తరబడి జనాన్ని అడిగి, కొలిచి, పట్టుకున్న సంగతి. ఇది నాకు ముందే తెలిసుంటే మీ ఊళ్ళో ఆ ఊరేగింపు చేసేదాన్నే కాదు.

ఇప్పుడు మీ ఊరి మాటను చూడు. పాల్‌కి పెళ్ళి కుదిరింది. ఎవరితో? అక్కడ ఖాళీ ఉంది! శ్రీకాళహస్తి పిల్లకు పేరు లేదు, మొహం లేదు. ఎవరూ చూడలేదు. ఆ ఖాళీలో నీ పేరు పెట్టు. భారతమ్మకు చెప్పకు, ఎవరి చేతా చెప్పించకు. అలా చేస్తే నీ పేరుకు కూడా ఒక "అంట" తగులుకుంటుంది, దాన్ని మీ నాయన ఇంకో పుకారనుకుంటాడు. నువ్వే వెళ్ళి మీ నాయన ఎదురుగా నిలబడి చెప్పు. ఎవరు చెప్పారని అడిగితే చూపించడానికి మనిషి ఉండాలి కదే. ఆ మనిషివి నువ్వు.

నాకు భయంగా ఉంది, ఆశగానూ ఉంది. మీ నాయన కోప్పడితే ఆ కోపం నా మీదకు తోసెయ్యి. ఎలాగూ మా నాన్న రోజూ కోప్పడుతూనే ఉన్నారు, అలవాటే. నిన్న ఆయన అమ్మనడుగుతున్నారు, "ఆ ఐరాల పాల్ పెళ్ళి కార్తీకంలోనా, మార్గశిరంలోనా?" అని.

నీ,
హంసిని


ఐరాల,
06-10-2025

హంసీ,

వడమాలపేట వాళ్ళు రాలేదు. కూర్చో. మంచినీళ్ళు దగ్గర పెట్టుకుని చదువు.

శనివారం సాయంకాలం నాయన చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. అమ్మ పొయ్యి మీద శనక్కాయలు వేయిస్తోంది. చెంబుతో నేనే నీళ్ళు పోస్తున్నాను. నీ ఉత్తరం చదివి చదివి కంఠతా వచ్చింది గాని నోటికి మాత్రం రావడం లేదు. ఒక కాలు అయింది. రెండో కాలు కూడా అయిపోతే మనిషి లోపలికి పోతాడు. ఇక ఆగలేదు.

"నాయనా, పాల్‌కి పెండ్లి కుదిరింది" అన్నాను.

"తెలుసు గదమ్మే."

"నాతో."

ఆయన కాలు గాల్లోనే ఆగిపోయింది. "ఎవురు సెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు నాయనా. నేనే సెప్తా ఉండా."

వెనక శనక్కాయలు మాడుతున్న వాసన. అమ్మ కదల్లేదు. నాయన నన్ను అలా చూస్తూనే ఉన్నాడు. నా జన్మలో ఆయన కళ్ళలోకి అంతసేపు చూడలేదు నేను. చెంబులో నీళ్ళు ఆయన పంచె మీద పడుతున్నాయి, ఇద్దరికీ తెలియలేదు. చివరికి, "ఆ పిల్లోడికి తెలుసునా?" అన్నాడు.

"తెలీదు."

"కుదిరినోడికి తెలీకుండానే కుదిరిందా!" అన్నాడు. మీసాల కింద ఏదో కదిలింది. తడి కాళ్ళతోనే చెప్పులేసుకుని వీధిలోకి దిగాడు. "రా మే" అన్నాడు. నేను వెనకే. మా వెనక అమ్మ. భారతమ్మ ఇడ్లీ పాత్ర దించేసి అమ్మ వెనక.

శాంతయ్య గారు వసారాలో మంచం మీద ఉన్నారు. పాల్ కింద కూర్చుని మోటారుకు రాగి తీగ చుడుతున్నాడు. మా ఊరేగింపు చూసి లేచి నిలబడ్డాడు. నాయన కుశల ప్రశ్నలేవీ వేయలేదు.

"ఏమప్పా పాల్, నీకు పెండ్లంట గదా. పిల్ల ఎవురు?"

పాల్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఒకటే తుడవడం. వాళ్ళ నాయన వైపు చూశాడు, మా నాయన వైపు చూశాడు, నా వైపు మాత్రం చూడలేదు. ఇన్నేళ్ళూ మా నాయనను "అయ్యా" అని పిలిచినవాడు, "మీ నిస్సీనే గదా మామా?" అన్నాడు.

అందరి తలలూ నా వైపు తిరిగాయి హంసీ. అతనికి ఇంకా భయమేసినట్టుంది, గబగబా చెప్పేశాడు. "ఊరంతా కుదిరింది, కుదిరింది అంటా ఉంటే, మీరూ మా నాయనా మాట్లాడుకోనుంటారు, నాకు సెప్పేదానికి మర్సిపోయినారు అనుకుంటిని. పిల్ల ఎవురని నాకెప్పుడూ అనుమానం రాలా. కాళస్తి అని ఎవురో అంటే నిస్సీనే అడుగుదామని అంగడికి పోతిని. ఆయమ్మి ఏమీ సెప్పకపాయె. పెద్దోళ్ళు సెప్పేదాకా సెప్పకూడదేమో అనుకోని వొచ్చేస్తిని."

చూశావా, ఊళ్ళో అందరికన్నా ఎక్కువగా నమ్మింది అతనే. ఆ ఖాళీలో ఎవరూ చెప్పకుండానే మొదటిరోజే నా పేరు పెట్టుకున్నాడు.

నేను అక్కడే గుమ్మం మీద కూలబడి ఏడ్చాను. నవ్వుతూనే ఏడ్చాను, ఎలా వస్తే అలా. భారతమ్మ, "నేను ముందే సెప్పలా!" అని వీధిలోకి పరుగెత్తింది. నాయన మంచం మీద శాంతయ్య గారి పక్కన కూర్చుని, అయోమయంగా, "మనమెప్పుడు మాట్లాడుకుంటిమి అబ్బా?" అన్నాడు.

శాంతయ్య గారు గడ్డం గోక్కుంటూ బాగా ఆలోచించారు. "మాట్లాడుకోనే ఉంటాంలేప్పా. ఇంతమంది ఊరికే అంటారా? ఆ పొద్దు మోటారు కాలిపోయినపుడు మీ చేను దగ్గర నిలబడుకోనుంటిమే, అప్పుడే అనుకుంటా."

"అవునవును" అన్నాడు మా నాయన. "గట్టు మీద. నువ్వే ఎత్తితివి ఆ మాట. వాన వచ్చేట్టుండె."

హంసీ, ఆ వాన కూడా వాళ్ళిద్దరూ అప్పటికప్పుడు కురిపించుకున్నదే. నేను కాదనలేదు. నాయన అక్కణ్ణుంచే వడమాలపేటకు ఫోన్ చేసి, మా పిల్లకు ఎప్పుడో కుదిరిపోయిండాది, మర్సిపోతిమి, ఏమనుకోవద్దు అని చెప్పేశాడు. ఇద్దరూ భుజాలు తట్టుకుంటూ తారీఖుల్లోకి దిగారు. పాల్ అప్పుడు నా వైపు చూశాడు. ఈసారి తల వంచుకోలేదు. నేనూ వంచుకోలేదు.

నీ,
నిస్సీ